పొదుగు పెట్టెలో సాంబ్రాణి

డాక్టరు కన్నడంలో అన్న మాట మెత్తగానే ఉంది. అండాలు అంత బాగా లేవు, ఈసారి పిండాలు ఎదగలేదు, అంతే. మా అక్క అత్తకు కన్నడం బాగానే వస్తుంది. కర్ణాటకలో ఉన్న మా పావగడ తాలూకాలో ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం. అందరికీ రెండూ అలవాటే. అయినా ఆమె ఆ మాటను బెంగుళూరు నుంచి వాళ్ళ ఊరు నాగలమడిక చేరేలోపు తన తెలుగులోకి మార్చుకుంది. బస్సు దిగగానే ఎవరో అడిగారట, "ఏమన్నారుమ్మా డాక్టర్లు?" అని.

"ఏమంటారు, గుడ్లే మురిగిపోయినాయంట దీనివి."

పక్కనే సంచి పట్టుకుని మా అక్క నిలబడి ఉంది.

ఆ రోజు నుంచి ఆ వీధిలో మా అక్క 'మురుగ్గుడ్లది'. గొడ్రాలు అన్న మాటను ఆమె ఏళ్ళ తరబడి మోసింది. ఆ మాటలో కనీసం దేవుడి మీద కొంత నెపం ఉంటుంది. ఈ కొత్త మాటలో నెపమంతా ఆమె కడుపుదే, పైగా డాక్టరే చెప్పాడన్న బలం. కొళాయి దగ్గర ఆమె బిందెను వెనక్కి జరిపేవారు. పిల్లలు కోడిలా కొక్కొక్కో అని కూసి పరుగెత్తేవారు. మా బావ ఇవన్నీ వింటూ తిన్నె మీద కూర్చుని బీడీ కాల్చుకునేవాడు.

నేను ఆ ఆసుపత్రి ల్యాబులోనే పనిచేసేవాణ్ణి. ఆ మాట అబద్ధమని నాకు తెలుసు. ఎవరెవరి మీద పగ పట్టాలో అప్పుడే వరుస పెట్టుకున్నాను. మొదట డాక్టరు, ఎందుకంటే తెలిసీ అన్నాడు. తర్వాత అత్త, ఎందుకంటే విన్న మాటను కుళ్ళబెట్టింది. ఆ తర్వాత బావ. ఆయన ఏమీ అనలేదు, అందుకే.

తొంభైల మొదట్లో సంగతి ఇది. శెనక్కాయ పంట వరుసగా పోతున్న ఏళ్ళు. తుమకూరులో బీఎస్సీ అయ్యాక ల్యాబు పనిలో శిక్షణ తీసుకుని, బెంగుళూరులో పిల్లలు లేనివాళ్ళకు చికిత్స చేసే ఒక చిన్న ఆసుపత్రిలో చేరాను. అదే తాలూకాలో అరసికెరె వైపు మా ఊళ్ళో నా ఈడువాళ్ళు అదే బెంగుళూరులో ఇటుకలు మోస్తుంటే, నేను చల్లని గదిలో గాజు పళ్ళేలు కడిగేవాణ్ణి.

మా పని ఏమిటో చెప్పడం కష్టం కాదు. తల్లి నుంచి తీసిన అండాన్ని తండ్రి బీజకణాలతో ఒక పళ్ళెంలో కలుపుతాం. కలిసి పిండమైతే, అది రెండుగా, నాలుగుగా చీలేదాకా బయట పెంచి, తర్వాత తల్లి గర్భంలోకి పంపుతాం. ఆ మధ్య కాలానికి జవాబుదారీ మాది. పిండం కంటికి ఆనీ ఆనని చుక్క. దాన్ని పోషక ద్రవం బొట్టులో ఉంచి, బొట్టు ఆరిపోకుండా పైన నూనె కప్పి, ఇంక్యుబేటర్ అనే పెట్టెలో పెడతాం. లోపల ఒంటికి ఎంత వేడి ఉంటుందో అంతే ఉండాలి. తేమ తగ్గకూడదు. బొగ్గుపులుసు వాయువును కొలిచి వదలాలి, లేకపోతే బొట్టులో పులుపు మారిపోతుంది. వెలుతురు ఎక్కువ పడకూడదు. తలుపు ఊరికే తీయకూడదు. వీటన్నిటితో పాటు వాసనలు. రంగులు, ఫినాయిలు, స్పిరిట్, పొగ: ఇవి పిండానికి విషమేమోనన్న అనుమానం అప్పుడప్పుడే మా రంగంలో మొదలైంది. మన ముక్కుకు తెలియనంత వాసనను కూడా ఆ నూనె పీల్చి పట్టుకుంటుంది. పిండం దాని కిందే ఉంటుంది.

మా అక్కను, బావను, అత్తను ఒప్పించి బెంగుళూరు తీసుకొచ్చింది నేనే. అక్క అండాలు తీసిన మర్నాడు ఆయుధపూజ.

ఆసుపత్రిలో ప్రతి యంత్రానికీ గంధం, కుంకుమ, చామంతి దండ. స్కానింగు మిషనుకు ఒకటి, జనరేటరుకు ఒకటి, డాక్టరు గారి కారుకు రెండు. పూజారి సాంబ్రాణి ధూపంతో గదులన్నీ తిరిగి మా ల్యాబు గుమ్మానికి వచ్చాడు. నేను అడ్డం నిలబడ్డాను. అక్కడ మాటలన్నీ కన్నడంలోనే.

"సార్, లోపల ముగ్గురి పిండాలు ఉన్నాయి. పొగ వద్దు."

డాక్టరు నవ్వాడు. "పల్లెటూరివాడివి, పూజ వద్దని నాకు చెప్తున్నావా? మన అసలు ఆయుధం ఇదే కదయ్యా."

పూజారికి ఉత్సాహం వచ్చింది. "లోపలికి కూడా తగలాలి స్వామీ, అప్పుడే ఫలం" అన్నాడు.

డాక్టరే చేయి చాచి ఇంక్యుబేటర్ తలుపు తీశాడు. ధూపం పళ్ళెం దాని ముందు తిప్పారు. తెల్లటి పొగ లోపలికి వెళ్ళింది, తలుపు మూశాక అక్కడే ఉండిపోయింది. తలుపుకు బొట్టు పెట్టి, పిడికి నిమ్మకాయ కట్టి, బొరుగులు నములుతూ వెళ్ళిపోయారు.

మర్నాడు మైక్రోస్కోపు కింద చూశాను. పూజ నాటి ఉదయం చక్కగా కలిసి ఉన్న పిండాలు ముక్కలు ముక్కలై నల్లబడ్డాయి. మా అక్కవి మాత్రమే కాదు, ముగ్గురివీ. ముగ్గురి అండాలూ ఒకే రోజున ఎలా చెడతాయని అడిగాను. "వయసు, ఒత్తిడి, పల్లెటూరి తిండి" అన్నాడు డాక్టరు. ఆ ముగ్గురిలో ఒకామె భర్త బ్యాంకు మేనేజరు. ఆమెతో తిండి మాట ఎత్తలేదు, ఒత్తిడి దగ్గరే ఆపాడు.

కోపం ఎంత ఉన్నా రుజువు లేకుండా నోరు తెరవకూడదని నేను నేర్చుకున్న చదువు చెప్పింది. మా వైపు విత్తే ముందు గుప్పెడు గింజలు తడి గోనెలో చుట్టి మొలక చూసుకుంటారు. మొలవకపోతే చేనును తిట్టరు, ఆ గింజలు పారేస్తారు. నేనూ అదే చేశాను. పూజనాడు పెట్టెలో ఉన్న నూనె ఒక పళ్ళెంలో, సీలు తీయని సీసాలోని నూనె ఇంకో పళ్ళెంలో. పరీక్షలకు పోను మిగిలిన బీజకణాలను రెండింటి కిందా వేసి, రెంటినీ ఒకే వేడిలో ఉంచాను. మర్నాటికి మొదటి పళ్ళెంలో అన్నీ కదలకుండా పడి ఉన్నాయి. రెండో పళ్ళెంలోవి ఈదుతున్నాయి. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే.

డాక్టరును పిలిచి చూపించాను. చాలాసేపు చూశాడు. తల ఎత్తి అడిగిన మొదటి ప్రశ్న, "ఇంకెవరికైనా చూపించావా?"

"లేదు సార్."

"చూపించొద్దు."

అప్పుడు నాకు కావలసినవి చెప్పాను. ల్యాబులోకి వచ్చే గాలిని బొగ్గుతో వడకట్టే ఏర్పాటు కావాలి, వాసన ఉన్నదేదీ ఆ గదిలోకి రాకూడదు. మా అక్కకు ఇంకోసారి చికిత్స ఊరికే చేయాలి. అక్క అత్త ముందు నిలబడి, తప్పు మా అక్క అండాలది కాదని తన నోటితో చెప్పాలి. మొదటి రెండింటికీ వెంటనే తల ఊపాడు. మూడోది వినగానే మొహం గట్టిపడింది.

"అలా ఒప్పుకుంటే రేపు బోర్డు పీక్కోవాలి. ఆమెకు నువ్వే ఏదో ఒకటి సర్ది చెప్పు."

సర్ది చెప్పమన్నాడు కదా, ఆ ఆదివారమే నాగలమడిక బస్సెక్కాను.

నేను వెళ్ళేసరికి వాకిట్లో శెనక్కాయ కట్టె కుప్ప పోసి ఆడవాళ్ళు కాయలు పెరుకుతున్నారు. వాన లేని కాపు. చెట్టంతా దులిపినా గుప్పెడు కాయలు రావడం లేదు. అత్త నన్ను చూసి చేతిలో చెట్టు పక్కన పడేసింది.

"రాప్పా లాబోడా. మల్లా ఏం మురగబెట్టేదానికి వచ్చినావు?"

ఆడవాళ్ళు నవ్వారు. మా అక్క తలుపు వెనక నుంచి నన్ను చూసి, రావద్దన్నట్టు చేయి ఊపింది. నేను కుప్ప పక్కన కూర్చున్నాను.

"అత్తా, నీ నల్లకోడి యాడుండాది?"

"కోడి నీకెందుకప్పా? ఆ గంప కింద ఉండాది, పొదగేసినా. కోసిపెట్టే కాలం గాదు, ఆశ పడొద్దు."

"గంపలో ఇనప ముక్క పెట్టినావా?"

"పెట్టకుంటే? ఉరిమితే గుడ్లు మురిగిపోవా?"

"నేనిప్పుడు పోయి ఆ గంప ఎత్తి, లోపలికి సాంబ్రాణి పొగ పెడతా."

"చెయ్యి ఇరగ్గొడ్తా."

"దేవుని పొగే గదా అత్తా."

"దేవుని పొగ దేవుని మూలలో ఏసుకో. పొదుగు మీదుండే కోడికి పొగేస్తే అది లేసి పారిపోతాది. గుడ్లు సల్లబడి మురిగిపోతాయి. ఇంత సదువుకుంటివి, ఆ మాత్రం తెలీదా?"

"మురిగితే తప్పు ఎవరిది? కోడిదా, గుడ్లదా?"

"పొగేసిన నా కొడుకుది!"

ఇంకెవరూ చెప్పలేనంత స్పష్టంగా చెప్పింది. అప్పుడు నేను ఆయుధపూజ సంగతి మొత్తం చెప్పాను. అది కరెంటుతో నడిచే పొదుగు పెట్టె అనీ, డాక్టరే తలుపు తీసి పట్టుకున్నాడనీ, లోపల మా అక్కవీ ఇంకో ఇద్దరివీ ఉన్నాయనీ. కాయలు పెరికే చప్పుడు ఆగిపోయింది. ఒకామె "అయ్యో, అన్యాయంగా అంటిమే ఆ పిల్లను" అంది. అత్త ఆమె వైపు ఒక్క చూపు చూసింది, ఆమె నోరు మూసుకుంది.

అత్త ఒడిలోని మట్టి దులుపుకుని లేచింది. మా అక్క ఉన్న తలుపు వైపు తిరగనైనా తిరగలేదు.

"ఆ డాక్టరు ఎన్ని గంటలకు ఉంటాడు?"

"పొద్దున్నుంచి ఉంటాడు. హాలు నిండా జనం ఉంటారు."

"ఉండనీ."

అంతటితో ఆగలేదు ఆమె. "ఇంగొక్కసారి చేపిస్తా. అయితే ఈ తూరి ఆ గుడ్లో పిండాలో, అవి నాకు సూపియ్యల్ల. నా కండ్లతో సూసినాకనే నమ్మేది. లేకుంటే ఉగాది దాటినాక వీనికి పావగడ పిల్లను తెస్తా. మాట్లాడిపెట్టినా."

వీడంటే మా బావ. తిన్నె మీదే ఉన్నాడు.

"చూపిస్తా" అన్నాను వెంటనే. ఆమె కోసం అన్న మాట కాదు. ఆమె కన్ను మైక్రోస్కోపుకు ఆనించి, 'బాగుండాయి' అని ఆ నోటితోనే అనిపించాలి. మురుగ్గుడ్లు అన్న నోటితో. ఆ క్షణాన్ని నేను ఎన్నోసార్లు ఊహించుకున్నాను.

డాక్టరు మీద పగను నేను చేత్తో ముట్టుకోలేదు. హాలులో ఇరవై మంది కూర్చున్నప్పుడు ఆమెను లోపలికి పంపి, ల్యాబు గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆమె తెలుగులో మొదలుపెట్టి, జనానికి అర్థం కావాలని మధ్యలో కన్నడంలోకి మారింది.

"ఏమప్పా డాక్టరూ, కోడి మీద పొగేసే ఊరు యాడన్నా సూసినావా? మా ఊర్లో మతి లేనోడు ఒకడుండాడు, వాడు గూడా ఎయ్యడు. నువ్వేసి, నా కోడలిది కుళ్ళు కడుపంటావా?"

"అమ్మా, లోపలికి రండి, మాట్లాడదాం."

"లోపలికి యాల? లోపల మల్లా పొగేస్తావా?"

ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. బ్యాంకు మేనేజరు భార్య ఆ రోజు అక్కడే ఉంది. మెల్లగా లేచి నిలబడింది. "ఆ రోజు నావీ లోపలే ఉన్నాయి కదా డాక్టర్?" అని మాత్రం అడిగింది. అత్త అరుపుల కన్నా ఆ నెమ్మదైన ప్రశ్నకే డాక్టరు చెమట తుడుచుకున్నాడు. చివరికి అందరి ముందు చెప్పాడు: ఆ రోజు తప్పు మా గదిది, వాళ్ళ అండాలది కాదు.

నాకు జాలి కలగలేదు. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

తర్వాత గదిని సిద్ధం చేశాను. నిమ్మకాయ, కుంకుమ, పాత నూనె, అన్నీ బయటికి. గాలి దారికి కొబ్బరిచిప్ప బొగ్గు పొరలు. నేల తుడవడానికి మరిగించి చల్లార్చిన నీళ్ళు తప్ప ఏదీ వాడొద్దన్నాను. తలకు నూనె, పౌడరు, పూలు, అగరుబత్తి తగిలిన బట్టలు: వీటితో లోపలికి రాకూడదని గోడకు కాగితం అంటించాను. పని ఉంటే తప్ప పెట్టె తలుపు తీయకూడదు. తీస్తే, చేయవలసింది ముందే అనుకుని తీసి వెంటనే మూయాలి. ప్రతి కొత్త సీసాకూ ముందు మొలక పరీక్ష. డాక్టరు ఈ ఏర్పాట్లన్నీ తన ఆలోచనే అని అందరికీ చెప్పుకున్నాడు. చెప్పుకోనిచ్చాను. నాకు కావలసింది వేరే.

అక్క రెండోసారి వచ్చింది. అండాలు తీశాం, కలిపాం. పిండాలను గర్భంలోకి పంపే రోజు ఉదయం ఒక్కసారి పళ్ళెం బయటికి తీసి చూశాను. మూడు పిండాలు. మూడూ నాలుగేసి కణాలుగా, విరిగిన బియ్యపు గింజల్లా కాకుండా నున్నగా, గుండ్రంగా చీలి ఉన్నాయి. లోపల పెట్టి తలుపు మూశాను.

గుమ్మం దగ్గర అత్త నిలబడి ఉంది, వెనక బావ.

"ఏమైందప్పా?"

"బాగుండాయి. మూడు."

"సూపియ్యి."

నేను అంతకాలం కాచుకున్న మాట అదే. మైక్రోస్కోపు సిద్ధంగా ఉంది. ఆమె నుంచి కొబ్బరినూనె, పొగాకు, పొద్దున గుడిలో వెలిగించిన కర్పూరం, అన్నీ కలిసి వస్తున్నాయి. పళ్ళెం మళ్ళీ తీస్తే వేడి పడిపోతుంది. బొట్టులో పులుపు మారుతుంది. ఆమెకు మైక్రోస్కోపు అద్దంలోంచి చూడటం అలవాటు లేదు. కన్ను కుదిరేసరికి ఎంతసేపవుతుందో తెలియదు. గోడ మీది కాగితం నేను అంటించిందే.

"ఉండత్తా" అని చెప్పి వార్డులో అక్క దగ్గరికి వెళ్ళాను. బాగున్నాయని ముందు ఆమెకు చెప్పి, తర్వాత సంగతి చెప్పాను. అక్క నా చొక్కా చెయ్యి పట్టుకుంది.

"చూపించొద్దురా."

"చూపించకపోతే బావకు పెండ్లి చేస్తాది అక్కా. చూస్తే ఆ మాట ఆమె నోటితోనే పోతాది."

"పోతే పోతాది, ఉంటే ఉంటాది. ఆమె నమ్మేదానికి నా బిడ్డ చలికి వణకల్లనా?" అంది. "ఆ మాట నా మీద పడింది, నీ మీద గాదు. తలుపు తీసినావంటే నీ మొగం చూడను."

తిరిగి వచ్చి, చూపించనని చెప్పాను.

"అంటే ఏమీ లేవు."

"ఉండాయి."

"ఉంటే యాల సూపియ్యవు? మాటిచ్చినావు గదా. ఆ డాక్టరొక దొంగ, నువ్వొక దొంగ." కొడుకు వైపు తిరిగింది. "పద."

బావ అక్క ఉన్న వార్డు వైపు ఒకసారి చూశాడు. తల్లి వెనకే మెట్లు దిగాడు. మధ్యాహ్నం పిండాలను అక్క గర్భంలోకి పంపినప్పుడు ఆమె వైపు మనిషిని నేనొక్కణ్ణే.

అక్క అరసికెరె వైపు మా ఇంటికి వచ్చేసింది. ఒక పిండం నిలబడింది. ఉగాది దాటాక బావకు పెళ్ళయింది, పావగడ పిల్లతోనే. 'మురుగ్గుడ్లది పుట్టింటికి పోయింది, తమ్ముడు గూడా మోసగాడే' అన్న మాట మా ఊరిదాకా వచ్చింది. కడుపు నిలిచిందని కబురు పంపుదాం, పెళ్ళి ఆగిపోతుంది కదా అని మా అమ్మ ముందే ఏడ్చింది. అక్క వద్దంది. "కడుపు చూసి వచ్చే మొగుడు నాకెందుకు?" నేనూ వద్దన్నాను, కారణం వేరు. సగం వార్త చెప్పి పగను పాడుచేసుకోదలచుకోలేదు.

ఆడపిల్ల పుట్టింది. ఏడుపు వీధి చివరిదాకా వినిపించేంత గట్టి పిల్ల.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మొదటి పరీక్షల్లోనే డాక్టరుకూ నాకూ తెలుసు, మా అక్కలో ఏ లోపమూ లేదని. బావ బీజకణాలే తక్కువ, నీరసం. మగవాడికి అది చెబితే మళ్ళీ రాడని డాక్టరు దాచమన్నాడు. ల్యాబులో తెలిసినది బయట చెప్పకూడదని నాకూ నేర్పారు. ఆ నియమాన్ని అప్పటిదాకా పాటించాను.

అక్కకు పురిటి స్నానం అయ్యాక, పళ్ళెం నిండా కలకండ పోసుకుని అక్క మెట్టిన వీధికి వెళ్ళాను. మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాను. తలుపు తీసినవాళ్ళందరికీ ఒకే మాట: "మురుగ్గుడ్డుకు పిల్ల పుట్టిందత్తా, నోరు తీపి చేసుకో." కొందరు తలవంచుకుని తీసుకున్నారు. ఒక ముసలామె కండ్లకద్దుకుంది. కాయలు పెరికినప్పుడు 'అన్యాయంగా అంటిమే' అన్నామె "పిల్ల ఎవరి పోలికప్పా?" అని అడిగింది. "మా అక్క పోలికే" అన్నాను.

వార్త నాకంటే ముందే నడిచింది. ఆ ఇంటికి చేరేసరికి అత్త వాకిట్లోకి వచ్చి నిలబడి ఉంది. వెనక గడపలో కొత్త కోడలు, పద్దెనిమిది దాటినట్టు కూడా లేని పిల్ల. బావ తిన్నె మీద.

"ఆడపిల్లనా అప్పా?" అంది అత్త. చెయ్యి చాచింది.

ఆ చేతిని దాటి ముందుకు వెళ్ళాను. కొత్త కోడలి దోసిట్లో కలకండ పోశాను. ఆ పిల్ల మీద నాకే పగా లేదు.

"అమ్మాయీ, రేపు నీకు బిడ్డలు ఆలస్యమైతే నువ్వు డాక్టరు దగ్గరికి పోవద్దు" అన్నాను, వీధికి వినబడేలా. "ముందు మా బావను పంపు. ల్యాబులో నేనే చూసినా, నాకు తెలుసు. నిన్ను ఎవరన్నా ఏమన్నా అంటే, నా మాట చెప్పు."

ఆ పిల్ల దోసిలి ముడిచి భర్త వైపు చూసింది. బావ బీడీ నేలకేసి నలిపి, లేచి ఇంట్లోకి పోయాడు. అత్త చాచిన చెయ్యి ఇంకా దించలేదు. పళ్ళెంలో ఇంకా చాలా ఉంది. నేను పక్కింటి తలుపు తట్టాను.